మూడో తారాజువ్వ పేలాక

కాసిల్దా ఇంట్లో తెల్లవారేది బకెట్ల చప్పుడుతోనే. ముందురోజు సున్నం నీళ్లలో ఉడకబెట్టి ఉంచిన మొక్కజొన్నల్ని పొద్దున్నే మూడుసార్లు కడగాలి. కడిగితేనే పొట్టు వదులుతుంది, పొట్టు వదిలితేనే మర పట్టడానికి పనికొస్తాయి. ఆ పిండితో రొట్టెలు కాల్చి అమ్ముకోవడమే ఆవిడ బతుకుతెరువు. మూడు కడుగులకి పన్నెండు బకెట్ల నీళ్లు. తాగడానికీ వంటకీ స్నానాలకీ ఇంకో ఎనిమిది. ఆ ఇరవై బకెట్లూ మోసేది కూతురు నియెవెస్.

కుళాయి పై వీధి మొదట్లో ఉంది. కింది వీధి నుంచి అక్కడికి నూటపది మెట్లు. ఆ సాన్ హసింతో ఊరికి ఉన్నవే ఆ రెండు వీధులు, వాటి నెత్తిన పెలోనా గుట్ట. గడ్డీ నాగజెముడూ తప్ప ఏమీ మొలవదు కాబట్టి దానికి బోడిది అని ఆ పేరు వచ్చింది. గుట్ట మీద నీళ్ల ట్యాంకు. ట్యాంకు కట్టిన ఏడు గొట్టం పై వీధికి వేసి, కింది వీధికి వచ్చే ఏడు వేస్తామన్నారు. ఆ వచ్చే ఏడు కోసం ముప్ఫై ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు.

అడగడానికి నోరు లేక కాదు. నీళ్ల కమిటీని ఎన్నుకునేది ఏడాదికి ఒక్కసారి, మే అయిదో తారీఖున, గుట్ట మీద, యుద్ధం అయిపోయాక. పైన ఉన్నవాళ్లే చెయ్యెత్తాలి. ఆ టైముకి కింది వీధివాళ్లంతా గుట్ట వాలున చచ్చిపడి ఉంటారు.

ఎప్పుడో నూటయాభై ఏళ్ల కిందట పుయెబ్లా నగరం మీదికి ఫ్రెంచి సైన్యం వచ్చి, గుట్టలెక్కబోయి, మన కొండజనం చేతిలో ఓడిపోయి వెనక్కి పోయింది చూశారూ, ఆ యుద్ధాన్నే ఊళ్లో ఏటా ఆడతారు. పై వీధివాళ్లు తెల్లబట్టలూ గడ్డి టోపీలూ వేసుకుని, మొహాలకి మసి పూసుకుని, చెక్క కత్తులు పట్టుకుని గుట్ట మీద నిలబడతారు. కింది వీధివాళ్లు ఎర్ర లాగులూ నీలం కోట్లూ అట్ట టోపీలూ పెట్టుకుని ఫ్రెంచివాళ్లై కిందనుంచి ఎక్కుతారు. ఎవరు ఏ వేషం వెయ్యాలన్నది ముత్తాతల నాడే ఖాయమైపోయింది. మొదటి తారాజువ్వకి ఒక దాడి, రెండో దానికి ఇంకో దాడి. మూడోది పేలగానే ఫ్రెంచివాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ పడిపోవాలి. ఓడినవాళ్లు వండిన మోలె కూరని తర్వాత అందరూ కలిసి తింటారు. అంత మిరపకాయా, అంత చాక్లెట్టూ, అన్ని టర్కీ కోళ్లూ కలిపి రెండు రోజులు ఉడికించడమంటే మాటలు కాదు. గెలిచినవాళ్ల జనరల్ మొదటి గరిటె రుచి చూసేదాకా ఆ కుండల మీద ఎవ్వరూ చెయ్యి వెయ్యకూడదు.

ఆ రోజు ఫ్రెంచివాళ్లు ఎక్కుతున్నకొద్దీ గుట్ట పెరుగుతుంది. అందుకే ముందే మేకల్ని తోలుకొచ్చి కట్టేస్తారు. పైకి పోయే ఆడవాళ్లు స్వెట్టర్లు పట్టుకెళతారు. చెవులు మూసుకుపోకుండా పిల్లలకి చూయింగ్ గమ్ కొనిస్తారు. ఆఖరి ఫ్రెంచివాడు పడుకోగానే గుట్ట మెల్లిగా దిగి మామూలు గుట్టవుతుంది. వాన పడటం ఎంతో అదీ అంతే.

ఆ ఏడు ఏప్రిల్లో నియెవెస్‌కి పుయెబ్లాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో సీటొచ్చింది. ఆగస్టులో చేరాలి. ఆ పిల్ల ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, గోడమీద వాలిపోతున్న మేరీమాత పటం కింద దోపింది.

"నువ్వు వెళ్తున్నావు" అంది కాసిల్దా.

"నీళ్లెవరు మోస్తారు? నీ మోకాళ్లా?"

"నా మోకాళ్ల సంగతి నీకెందుకు?"

"కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు దేవుణ్ణి పిలుస్తావు. నూటపది మెట్లకి దేవుడికి గొంతు పోతుందమ్మా. నేను వెళ్లను. ఆ ఉత్తరం అక్కడే ఉండనీ, పటం నిటారుగా నిలబడింది."

నవ్వుతూనే అంది గానీ, ఆ తర్వాత బకెట్లు తీసుకుని మెట్లెక్కుతుంటే ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. తల్లికి తన మొహం కనబడకూడదని. కాసిల్దా ఆ వీపుని చూస్తూ నిలబడింది. తను కూడా ఆ వయసులో అవే మెట్లు అలాగే ఎక్కింది.

రెండు రోజుల తర్వాత రొట్టెల కోసం అర్నుల్ఫో మాస్టారొచ్చాడు. బళ్లో పాఠాలు చెప్పేదీ, పండగనాడు గుట్టమీద మైకులో యుద్ధం కథ చదివేదీ ఆయనే. కాసిల్దా పెనం మీద రొట్టె తిప్పుతూ అడిగింది.

"మాస్టారూ, ఫ్రెంచివాళ్లు ఓడిపోయి పారిపోయారు అని ఏటా చదువుతారు కదా. తర్వాతేమైంది?"

"తర్వాతేముంది, భోజనాలు."

"అది కాదండీ. ఆ పారిపోయినవాళ్లు ఏమైపోయారు?"

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "మళ్లీ వచ్చారమ్మా. మరుసటేడే. మొదటిసారి ఆరువేలు, రెండోసారి దగ్గర దగ్గర ముప్ఫైవేలు. ఈసారి గుట్టెక్కడం మీద పడలేదు. ఊరి చుట్టూ మకాం వేశారు, రెండు నెలలు. లోపల తిండి అయిపోయింది. గుర్రాల్ని కోసుకుని తిన్నారు. చివరికి ఇంక నిలవలేక ఊరు అప్పజెప్పేశారు."

"ఈ ముక్క ఎప్పుడూ చదవలేదే మీరు?"

"పండగ పూట ఎవరికి కావాలి తల్లీ!"

"మరి చివరికి పోగొట్టుకున్నదానికి పండగెందుకు?"

"ఆ ఒక్కరోజు కోసం. కాళ్లకి చెప్పుల్లేని జనం. వాళ్లని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. భూమ్మీద మా అంతటి సైన్యం లేదనుకునేవాళ్లకి ఎదురుగా ఆ రోజు వాళ్లు కదలకుండా నిలబడ్డారు. తర్వాత ఓడినా, నిలబడొచ్చన్న సంగతి దేశానికి తెలిసిపోయింది. అది మర్చిపోలేదు కాబట్టే అయిదేళ్లకి మళ్లీ తమ ఊళ్లు తాము తెచ్చుకున్నారు. పండగ దానికమ్మా."

మాస్టారు వెళ్లిపోయాక కాసిల్దా రొట్టె మాడిపోయింది. ఈ ఊళ్లో లెక్కలో లేనివాళ్లం మేమే, మళ్లీ ఎర్ర లాగులూ మాకే తొడిగారు అనుకుంది. ఆవిడకి మాస్టారు చెప్పినవాటిలో రెండు సంగతులు బాగా నచ్చాయి. మనవాళ్లు కదలకుండా నిలబడ్డారు. అవతలవాళ్లు ఆకలేసేదాకా ఆగారు. ఒకటి వాళ్లదీ ఒకటి వీళ్లదీ అని ఆవిడ పట్టించుకోలేదు, రెండూ తీసుకుంది.

మే అయిదున ఎండ పేలిపోతోంది. మధ్యాహ్నం రెండింటికి మొదటి తారాజువ్వ లేచింది. కాసిల్దా మొగుడి ఎర్ర లాగు నడుముకి తాడేసి కట్టుకుని అందరితోపాటు ఎక్కింది. కాళ్లకింద నేల, ఊపిరి పీల్చినట్టు లేచింది. పైనున్నవాళ్లు చిన్నవాళ్లై, గడ్డి టోపీలు చుక్కలయ్యాయి. రెండో జువ్వకి ఇంకొంచెం ఎక్కారు, గుట్ట ఇంకొంచెం లేచింది. కాసిల్దా తన చోటు చేరుకుంది. నాగజెముడు పక్కన పలకరాయి. ఆరేళ్ల కిందట నిజంగా చచ్చిపోయేదాకా ఆవిడ మొగుడు ఏటా అక్కడే పడేవాడు.

మూడో జువ్వ పేలింది. కింది వీధంతా దబదబా పడిపోయింది. చచ్చినవాళ్లలో ఒకడు అప్పుడే టోపీ మొహం మీదికి లాక్కుని కునుకు మొదలెట్టాడు. కాసిల్దా పడలేదు. గుట్ట ఆగలేదు.

కాసేపటికి పైనుంచి మైకు గరగరలాడింది. జనరల్ వేషంలో ఉన్న ఎపిఫానియో గొంతు, కింద కుండల దగ్గర కట్టిన స్పీకర్లోంచి ఊరంతా వినబడింది. ఆయన పదకొండేళ్లుగా జనరల్, పదకొండేళ్లుగా నీళ్ల కమిటీ పెద్ద కూడా.

"యుద్ధం అయిపోయింది. ఫ్రెంచివాళ్లలో ఎవరో ఇంకా నిలబడి ఉన్నారు. దయచేసి పడిపోవాలి."

పైన ఎవరో ఆయన చెవిలో ఏదో అన్నారు. "కాసిల్దా వదినా? కాలు పట్టేసినట్టుంది పాపం. ఎవరైనా పట్టుకుని పడుకోబెట్టండయ్యా."

పక్కన చచ్చిపడి ఉన్న హిలారియో ఒక కన్ను తెరిచాడు. ఎదురింట్లో చెప్పులు కుట్టే మనిషి. "పడుకో అక్కా. గడ్డి వెచ్చగా, హాయిగా ఉంది."

"నువ్వు పడుకో తమ్ముడూ. నాకు పనుంది."

రెండు అడుగుల అవతల నియెవెస్ తలెత్తింది. "అమ్మా, ఏం చేస్తున్నావు?"

"నిలబడ్డాను."

"ఎంతసేపు?"

"పైవాళ్లకి ఆకలేసేదాకా."

నియెవెస్ తల్లి మొహంలోకి చూసింది. మేరీమాత పటం కింద దోపిన ఉత్తరం గుర్తొచ్చిందేమో. లేచి, ఒళ్లు దులుపుకుని, కుండల దగ్గరికి దిగిపోయింది. భోజనాలప్పుడు వడ్డనకి పేర్లు పిలవడానికి అక్కడ ఇంకో మైకు ఉంది.

"జనరల్ గారూ, కింది వీధి మాట్లాడుతోంది" అంది. "మా అమ్మ పడదు. గొట్టం సంగతి పైన, కమిటీలో, కాగితం మీద రాసేదాకా పడదు."

"అమ్మాయ్, అది భోజనాల దగ్గర మాట్లాడుకుందాం."

"భోజనాల దగ్గర ముప్ఫై సార్లు మాట్లాడారు. తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండదు."

పైనుంచి ఆరుగురు కుర్రాళ్లు కాసిల్దాని పడుకోబెట్టడానికి బయల్దేరారు. దిగారు, దిగారు. వాళ్లు దిగినంతా గుట్ట పెరుగుతుంటే ఎంతసేపని దిగుతారు? నాలుక బయటపెట్టుకుని మళ్లీ పైకి పోయారు. ఆవిడకీ వాళ్లకీ మధ్య గడ్డి తప్ప ఏమీ కనబడలేదు.

గంట గడిచింది. కాసిల్దా మోకాళ్లలో సూదులు మొదలయ్యాయి. ఒక కాలి బరువు ఇంకో కాలికి మార్చుకుంటూ పైకే చూస్తూ నిలబడింది. ఇంతలో కింద పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. పొద్దున్నుంచీ ఖాళీ కడుపులు, ఎదురుగా మూతపెట్టిన కుండలు, మోలె వాసన. జనరల్ గరిటె పడకుండా మూత తియ్యకూడదు.

"అక్కా, పిల్లలే పాపం" అన్నాడు హిలారియో పడుకునే. "వాళ్లేం చేశారు? ఇంక పడిపో."

అదొక్కటే కాసిల్దాని కదిపింది. తన పంతానికి వీధిలో పిల్లల్ని మాడ్చడమా? పడిపోదామనే అనుకుంది. తర్వాత గొంతెత్తి కూతుర్ని పిలిచింది.

"నియెవెస్! మూతలు తియ్యి. పిల్లలకి పెట్టు."

చచ్చినవాళ్లంతా ఒక్కసారి లేచి కూర్చున్నారు. జనరల్ కంటే ముందా? అలాంటిది ఎవరి తాతా చూడలేదు. నియెవెస్ మాత్రం గరిటె తీసుకుని, మొదటి ముక్క అందరికంటే చిన్నపిల్ల చేతిలో ఉన్న రొట్టెలో పెట్టింది. మైకు పక్కనే ఉంది. పిల్లలు వేళ్లు నాకుతున్న చప్పుడు స్పీకర్లో పైదాకా పోయింది.

పైన మైకు ఆపలేదు. ఆపడం మర్చిపోయానని అర్నుల్ఫో మాస్టారు తర్వాత ఒట్టేసి చెప్పాడు గానీ, ఎవరూ నమ్మలేదు. పై వీధివాళ్ల పళ్లు చలికి టకటకలాడటం, దుప్పట్ల కోసం కొట్లాడుకోవడం కింద అందరికీ వినబడుతూనే ఉంది.

నాలుగింటికి వానొచ్చింది. ఆ నాటి యుద్ధంలో కూడా ఆ వేళకే వచ్చిందంటారు. గుట్ట జారుడుబండ అయిపోయింది. కాసిల్దా కాలు సర్రున జారి, ఒక మోకాలు నేలకి తగిలింది. ఎముకలోంచి నొప్పి నెత్తిదాకా కొట్టింది. గుట్ట ఆగింది. పెరగడం మానేసి, దిగాలా వద్దా అని చూస్తున్నట్టు ఉలుకూ పలుకూ లేకుండా ఆగింది.

"పడింది! పడింది!" అని పైన కేకలు.

"పడలేదు" అంది కాసిల్దా పళ్లు బిగబట్టి. లేవబోయింది, లేవలేకపోయింది. ఏళ్ల తరబడి బకెట్లు మోసిన మోకాళ్లు అవి. ఆవిడకి ఏడుపొచ్చింది. ఇంత చేసి చివరికి నేనే నిన్ను మెట్ల దగ్గర వదిలేస్తున్నానా తల్లీ అనుకుంది.

అప్పుడు వీపుకి వెచ్చగా ఇంకో వీపు తగిలింది. నియెవెస్ వచ్చి వెనక్కి తిరిగి నిలబడి, తల్లి చంకల్లో చేతులు దూర్చి, నిండు బకెట్టుని ఎత్తినట్టు ఒక్క ఊపున లేపింది. "ఆనుకో. నేనున్నాను."

హిలారియో ఆ ఇద్దర్నీ చూశాడు. "ఛ, ఎలాగూ ఒళ్లంతా బురదే" అని లేచి నిలబడ్డాడు. అతని పెళ్లాం లేచింది. కునుకు తీస్తున్నవాడిని ఎవరో కాలితో పొడిస్తే వాడూ లేచాడు. నలభై మంది ఫ్రెంచివాళ్లు బురదలో నిలబడి పైకి చూశారు. గుట్ట ఉరికింది. ట్యాంకూ జెండా గడ్డి టోపీలూ మబ్బులో కలిసిపోయి, ఒక్క మైకు గొంతులే మిగిలాయి.

ఎపిఫానియో తల్లి మాక్లోవియాకి ఎనభైనాలుగేళ్లు. ఏటా కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళతారు. ముందుగా వినబడింది ఆవిడ గొంతే.

"ఒరేయ్, చెవులు పగిలిపోతున్నాయి. గమ్ కూడా అయిపోయింది. ఆ కాసిల్దాని పైకి పిలువు."

"పిలవడమేంటమ్మా? ఎలా వస్తారు? గుట్ట రానిస్తుందా?"

"తీసుకుపోవడానికి వచ్చేవాళ్లకేరా గుట్ట పెరిగేది. పిలిస్తే వచ్చేవాళ్లకి ఎందుకు పెరుగుతుంది? నన్ను పెళ్లిచేసి ఈ వీధికి తెచ్చిన రోజు మే అయిదే. కింది వీధి పిల్లని నేను. మీ నాన్న గుట్ట మీంచి రమ్మని చెయ్యి ఊపాడు, నాలుగు అంగల్లో వచ్చాను."

"పిలిస్తే మనం ఓడిపోయినట్టే కదా! ఆ తర్వాత పండగకి అర్థమేముంది?"

"నీళ్లు మోసే ఆడదాన్ని ఆపడానికా ఆ కొండజనం చచ్చింది?" ముసలావిడ గొంతు పెంచింది. "వాళ్లకీ చెప్పుల్లేవు, దానికీ లేవు. ఒకసారి కిందికి చూసి చెప్పరా, ఇవాళ కదలకుండా నిలబడింది ఎవరో!"

ఎపిఫానియో గొంతు సవరించుకున్నాడు. మంచివాడే. తన పెరట్లో రేగుపండ్ల చెట్లకి నీళ్లు తగ్గిపోతాయన్న భయం తప్ప కాసిల్దా మీద కోపం ఎప్పుడూ లేదు.

"కాసిల్దా వదినా" అన్నాడు. "పైకి రండి."

నియెవెస్‌ భుజం పట్టుకునే ఉంది కాసిల్దా. కదల్లేదు. "ఎవరిని?" అని అరిచింది. ఆ అరుపు కింద మైకులోంచి పైకి పోయింది.

"అందర్నీ" అన్నాడు ఎపిఫానియో. "రండి, తడిసిపోతున్నారు."

కాసిల్దా ఒక అడుగు వేసింది. కాళ్లకింద గడ్డి వెనక్కి జారింది. రెండో అడుగుకి మబ్బు మొహానికి చల్లగా తగిలింది. మూడో అడుగు ట్యాంకు చుట్టూ పోసిన సిమెంటు మీద పడింది. ఎదురుగా ఎపిఫానియో, అట్ట పతకాలు తడిసి ఛాతీకి అతుక్కుపోయి, చేతిలో మైకుతో. పక్కన కుర్చీలో మాక్లోవియా, తలమీదినుంచి మూడు దుప్పట్లు. కాసిల్దా వెనకాల కింది వీధంతా ఒకరి తర్వాత ఒకరు మబ్బులోంచి బయటికొచ్చారు, ఇంతేనా దూరం అన్నట్టు కళ్లు చికిలించుకుంటూ.

"కింది వీధికి గొట్టం" అన్నాడు మాస్టారు నోటుపుస్తకం తెరిచి. "ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి."

మొదట లేచింది దుప్పట్లలోంచి సన్నటి చెయ్యి. తర్వాత కింది వీధి చేతులన్నీ లేచాయి. పై వీధి ఆడవాళ్లవి కొన్ని, కుర్రాళ్లవి కొన్ని. ఎపిఫానియో తన చెయ్యి సగమెత్తి, తల్లి వైపు చూసి, మొత్తం ఎత్తాడు. మాస్టారు రాసి, కాగితం తడవకుండా చొక్కాలో పెట్టుకున్నాడు.

అది చూసుకుని కాసిల్దా కుంటుకుంటూ తన పలకరాయి దగ్గరికి దిగి, శుభ్రంగా పడిపోయింది. పండగ పండగే కదా. వెనకాలే మిగతా ఫ్రెంచివాళ్లూ వచ్చి పడ్డారు. గుట్ట దిగింది. జనరల్ కిందికొచ్చి మొదటి గరిటె రుచి చూశాడు. కుండ సగానికి సగం ఖాళీ అయిన సంగతి ఆయన ఎత్తలేదు.

జూన్ నెలంతా రెండు వీధులవాళ్లూ ఆదివారాలు పారలు పట్టుకుని కాలవ తవ్వారు. జూలై ఆఖర్న కాసిల్దా పెరట్లో కుళాయి బుసకొట్టి, తుప్పు కక్కి, తర్వాత తెల్లగా పోసింది. ఆగస్టులో నియెవెస్ మేరీమాత పటం కింది ఉత్తరం తీసుకుని బస్సెక్కింది. పటం మళ్లీ పక్కకి వాలిపోయింది. కాసిల్దా దాన్ని సరిచెయ్యలేదు.

మళ్లీ మే అయిదు వచ్చింది. నియెవెస్‌కి పరీక్షలు, రాలేదు. మాస్టారు ఆ ఏడు మైకులో రెండో పేజీ కూడా చదివాడు, ఫ్రెంచివాళ్లు మళ్లీ రావడం, ఊరు ఆకలికి లొంగిపోవడం, అయినా అయిదేళ్లకి నిలదొక్కుకోవడం. పైనా కిందా అందరూ చివరిదాకా విన్నారు. కాసిల్దా ఎర్ర లాగు కట్టుకుని ఎక్కింది. గుట్ట ఎప్పటిలాగే పెరిగింది. మూడో జువ్వ పేలగానే ఆవిడ పలకరాయి పక్కన పడిపోయింది, కూతురు ఏటా పడే చోటు ఖాళీగా వదిలి.

"నీళ్ల కమిటీకి" అని పైన మైకు పలికింది, "ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి."

కాసిల్దా కళ్లు మూసుకుని, కదలకుండా చచ్చిపడి ఉంటూనే, కుడిచెయ్యి పైకెత్తింది. పక్కన హిలారియో చెయ్యి లేచింది. వాలు పొడుగునా గడ్డిలోంచి నలభై చేతులు లేచాయి. మాస్టారు పైనుంచి ఒక్కొక్కరి పేరూ చెప్పి లెక్కపెట్టాడు. లెక్క పూర్తయ్యేదాకా గుట్ట దిగకుండా ఆగింది.